పరికరం మీది నంబరు ఎవరు చదవాలి?

ప్రభుత్వ ఆస్పత్రి వార్డులో మంచం పక్కన ఉండే, కఫం లాగే సక్షన్ యంత్రాన్ని దగ్గరికి వెళ్లి చూస్తే దాని ఒంటి మీద మూడు నాలుగు రకాల గుర్తులు కనిపిస్తాయి. వెనుక తయారీదారు బిగించిన రేకు పలక ఉంటుంది. మోడల్, సీరియల్ నంబరు, వోల్టేజీ దాని మీద ఉంటాయి. పక్కన ఎర్ర పెయింటుతో ఎవరో హడావిడిగా రాసిన స్టాకు రిజిస్టరు పేజీ సంఖ్య. ముందువైపు, యంత్రాన్ని విరాళంగా ఇచ్చిన దాతల పేరుతో రంగుల స్టిక్కరు. మూత మీద ఎప్పుడో అంటించిన బార్‌కోడ్ చీటీ. స్పిరిట్ దూదితో తుడిచీ తుడిచీ దాని గీతలు పాలిపోయి, అంచులు లేచి ఉంటాయి. ఇన్ని గుర్తులున్నా, రాత్రి రెండు గంటలకు ఆ యంత్రం ఆగిపోతే నర్సుకు కావలసిన సంగతి వాటిలో ఒక్కదానిలోనూ దొరకదు. ఎవరికి ఫోను చేయాలి? ఏ నంబరు చెబితే ఈ యంత్రమేనని వాళ్లకు అర్థమవుతుంది?

ఆఫీసుల్లో, కర్మాగారాల్లో, కాలేజీ ప్రయోగశాలల్లో, ఆస్పత్రుల్లో పరికరాలకు అచ్చు లేబుళ్లు అంటించి లెక్క చూసుకునే పద్ధతి ఇప్పుడు అంతటా ఉంది. చాలాచోట్ల అది రెండు మూడేళ్లకే మూలపడుతుంది. అప్పుడు నెపం ప్రింటరు మీదో, జిగురు మీదో, సాఫ్ట్‌వేర్ మీదో వేస్తారు. వాటి తప్పు కొంత ఉండవచ్చు. అసలు లోపం మాత్రం మొదలుపెట్టిన రోజునే దొర్లుతుంది. ఏడాదికోసారి వచ్చే ఆడిటర్‌ను దృష్టిలో పెట్టుకుని లేబుల్ తయారు చేస్తారు. పరికరం ముందు రోజూ నిలబడే మనిషి ఎవరికీ గుర్తుకు రాడు. ఎవరూ చదవని లేబుల్ చిరిగినా, ఊడి కింద పడినా, ఒక యంత్రానిది మరో యంత్రానికి అంటుకున్నా ఏడాది పొడవునా బయటపడదు. రోజూ చదివే లేబుల్ చెడితే ఆ రోజే ఎవరో ఒకరు గమనిస్తారు.

నల్లజీడి గుర్తు

ఈ విద్య తెలుగు ఊళ్లకు కొత్తది కాదు. రజకులు పది ఇళ్ల బట్టలు కలిపి ఉతికి, ఎవరివి వారికి చేర్చేవారు. పంచె అంచునో చొక్కా కాలరు లోపలో నల్లజీడి గింజ రసంతో ఒక చుక్క, రెండు గీతలు, ఒక అడ్డగీత వేసి గుర్తు పెట్టుకునేవారు. ఆ నల్లటి మరకను చాకిరేవు బండ, సబ్బు, ఉడుకునీరు ఏవీ వదిలించలేవు. బట్ట చిరిగేదాకా గుర్తు నిలిచేది. ఈ చిన్న గుర్తులో నేటి లేబుల్ పద్ధతికి కావలసిన లక్షణాలన్నీ ఉన్నాయి. ఆ వస్తువు రోజూ పడే దెబ్బలకు తట్టుకునే పదార్థంతో దాన్ని వేశారు. బట్ట వాడకానికి అడ్డు రాని చోట వేశారు. ఆ గుర్తులో ఇంటి యజమాని పేరు, వీధి పేరు లాంటివేమీ లేవు. ఏ గుర్తు ఏ ఇంటిదో వేసిన మనిషి మనసులో ఉంది. రిజిస్టరు అంటే అదే. అన్నిటికన్నా పెద్ద సంగతి, గుర్తు వేసిన మనిషికే దానితో రోజూ పని. సాయంత్రం బట్టలు మడతపెట్టి మూటలు కట్టేటప్పుడు అది లేకపోతే ఆయన పనే సాగదు.

గుండిగలు, గంగాళాల మీద పేర్లు చెక్కించడంలోనూ ఇదే తీరు. పెళ్లికి నాలుగు ఇళ్ల నుంచి తెచ్చిన సామాను పందిరి విప్పాక మళ్లీ నాలుగు ఇళ్లకు సరిగ్గా చేరిందంటే ఆ అక్షరాల పుణ్యమే. అరువిచ్చిన ఇల్లాలు తన గుండిగను తానే గుర్తుపట్టి తీసుకువెళ్లేది.

బార్‌కోడ్ పుట్టింది దుకాణాల అవసరం కోసం. అమెరికాలో నార్మన్ జోసెఫ్ ఉడ్‌ల్యాండ్, బెర్నార్డ్ సిల్వర్‌లకు 1952లో దాని మీద పేటెంటు వచ్చింది. అయినా అది దుకాణం గల్లా పెట్టె దగ్గరికి చేరడానికి మరో 22 ఏళ్లు పట్టింది. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో ఒక సూపర్‌మార్కెట్‌లో చూయింగ్ గమ్ ప్యాకెట్‌ను స్కాన్ చేశారు. నేటి తీరు బార్‌కోడ్‌తో జరిగిన తొలి అమ్మకం అదే. క్యూఆర్ కోడ్ కథ వేరు. అది పుట్టింది కర్మాగారంలో. టయోటా వాహనాలకు విడిభాగాలు అందించే డెన్సో సంస్థలో ఒక్కో పెట్టె మీద అనేక బార్‌కోడ్‌లు ఉండేవి. వాటన్నిటినీ ఒక్కొక్కటిగా స్కాన్ చేయలేక కార్మికులు అలసిపోయేవారు. ఆ మొర విన్న ఇంజినీరు మసాహిరో హరా, అడ్డంగానూ నిలువుగానూ సమాచారం పట్టే చదరపు గుర్తును 1994లో తన బృందంతో కలిసి రూపొందించాడు. గో ఆట బల్ల మీద నల్లవీ తెల్లవీ పిక్కల అమరిక చూసినప్పుడు తనకు ఆ ఊహ తట్టిందని ఆయన చెప్పాడు. నూనె మరకలు, మసి పడే చోట వాడాలి కాబట్టి కొంత భాగం చెరిగినా చదవగలిగేలా దాన్ని కట్టారు. దిద్దుబాటు శక్తిలో నాలుగు స్థాయులు ఉన్నాయి. సుమారు 7, 15, 25, 30 శాతం దాకా చెడిపోయినా మిగిలిన భాగం నుంచి మొత్తం సమాచారం రాబట్టవచ్చు. ఈ రోజు టీ కొట్టులో డబ్బు చెల్లించడానికి వాడే ఆ గుర్తు, పెట్టెలు మోసే కార్మికుడి చేతి నొప్పి తగ్గించడానికి పుట్టింది. పరికరాల లేబుళ్ల గురించి ఆలోచించేవారు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి.

నంబరులో ఏమి ఉండాలి, ఏమి ఉండకూడదు

కొత్తగా లేబుళ్లు మొదలుపెట్టే ఆఫీసుల్లో తరచుగా జరిగే పొరపాటు నంబరులో అన్నీ కూరడం. సంస్థ పేరు, ఊరు, అంతస్తు, విభాగం, వస్తువు రకం, చివర వరుస సంఖ్య. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. ఆరు నెలల తర్వాత అకౌంట్స్ విభాగం రెండో అంతస్తు నుంచి నాలుగో అంతస్తుకు మారుతుంది. అప్పుడు అక్కడి ప్రతి ప్రింటరు మీదా ఉన్న నంబరు అబద్ధం చెబుతుంది. మళ్లీ అచ్చువేస్తే పాత రికార్డులతో లంకె తెగిపోతుంది. వేయకపోతే చూసిన ప్రతివారూ తికమకపడతారు.

రైల్వే గూడ్స్ వ్యాగన్ మీది నంబరు ఈ విషయంలో మంచి పాఠం. సికింద్రాబాద్‌లోనో విజయవాడలోనో గేటు దగ్గర ఆగినప్పుడు చూస్తే వ్యాగన్ పక్కన 11 అంకెలు కనిపిస్తాయి. మొదటి రెండూ వ్యాగన్ రకం. తర్వాతి రెండూ దాన్ని సొంతం చేసుకున్న రైల్వే జోన్. ఆ తర్వాత రెండంకెలు తయారైన సంవత్సరం, నాలుగంకెలు వరుస సంఖ్య. చివరిది సరిచూసే అంకె. ఆ వ్యాగన్ ఇప్పుడు ఏ ఊళ్లో ఉంది, బొగ్గు మోస్తోందా సిమెంటు మోస్తోందా అన్న సంగతులు నంబరులో లేవు. అవి కంప్యూటర్ వ్యవస్థలో ఉంటాయి, రోజూ మారుతుంటాయి. కాలంతో మారే అవకాశం తక్కువున్న వివరాలకే ఒంటి మీద చోటిచ్చారు. చివరి అంకె కూడా తెలివైన ఏర్పాటు. ముందున్న పది అంకెల నుంచి లెక్క కట్టి దాన్ని తేలుస్తారు కాబట్టి, రాసుకునేటప్పుడు ఒక అంకె తప్పుపడితే లెక్క కుదరక వెంటనే దొరికిపోతుంది.

ఓ మాదిరి సంస్థకు ఇంత పొడవు అవసరం లేదు. అర్థమేమీ లేని ఆరంకెల వరుస సంఖ్య పది లక్షల వస్తువులకు సరిపోతుంది. దానికి ఒక సరిచూసే అంకె కలిపితే చాలు. ఇంగ్లిష్ అక్షరాలు వాడక తప్పదనుకుంటే ఓ, ఐ అక్షరాలను వదిలేయాలి. అవి సున్నాలా, ఒకటిలా కనబడి రిజిస్టర్లను పాడుచేస్తాయి. బార్‌కోడ్ ఉన్నా, క్యూఆర్ ఉన్నా దాని కింద మనిషి కంటికి ఆనేంత పెద్దగా నంబరు అచ్చువేయాలి. ఫోనులో ఛార్జింగ్ లేనప్పుడు, స్కానర్ చెడినప్పుడు, ఫోను మీద మెకానిక్‌కు చెప్పాల్సి వచ్చినప్పుడు పనికొచ్చేది ఆ అంకెలే. ఒకసారి ఒక వస్తువుకు ఇచ్చిన నంబరును, ఆ వస్తువు పోయాక ఇంకో దానికి ఇవ్వకూడదు. ఆరంకెల సంఖ్యలకు కరువేమీ లేదు.

క్యూఆర్ కోడ్‌లో ఏమి దాచాలన్నది మరో ప్రశ్న. సాఫ్ట్‌వేర్ అమ్మేవారు సాధారణంగా తమ వెబ్ చిరునామాను అందులో పెడతారు. ఫోనుతో చూపగానే పేజీ తెరుచుకుంటుంది కాబట్టి బాగుందనిపిస్తుంది. ఆ అమ్మకందారుతో ఒప్పందం ముగిసిన రోజున వేలాది స్టిక్కర్లు ఒక్కసారిగా గుడ్డివవుతాయి. చిరునామా పెట్టదలిస్తే సంస్థ సొంత వెబ్ పేరు (డొమైన్) మీద ఉన్నది పెట్టుకోవాలి, లేదా వట్టి నంబరే పెట్టాలి. నంబరు మాత్రమే ఉంటే కోడ్ గళ్లు పెద్దవిగా, దూరదూరంగా పడతాయి. చవక ఫోను కెమెరా కూడా సులభంగా చదువుతుంది. దిద్దుబాటు శక్తిని పై స్థాయిలో పెట్టుకోవడానికి చోటూ దొరుకుతుంది.

కాగితం, మైనం, జిగురు

పర్సులో నెల రోజులు పెట్టిన ఏటీఎం చీటీ తెల్లబోవడం అందరూ చూసిందే. ఆ కాగితానికి వేడి తగిలితే నల్లబడే పూత ఉంటుంది. సిరా, రిబ్బన్ అక్కర్లేదు. కొరియర్ పార్సిల్ మీద పది రోజులు నిలవాల్సిన చీటీకి అది చాలు. పరికరానికి చాలదు. ఎండ, వేడి, స్పిరిట్ తగిలితే చీటీ అంతా నల్లబడటమో, అక్షరాలు మాసిపోవడమో జరుగుతుంది. లేబుళ్ల పని మూలపడిన చోట్ల వెతికితే చాలాసార్లు ఈ చవక కాగితమే బయటపడుతుంది.

రెండో పద్ధతిలో ప్రింటరు తల ఒక రిబ్బన్‌ను వేడిచేస్తుంది. రిబ్బన్ మీది పూత కరిగి లేబుల్‌కు అంటుకుంటుంది. ఈ రిబ్బన్లు మూడు రకాలు: మైనం, మైనం-రెసిన్ (ప్లాస్టిక్ లాంటి గట్టి పదార్థం) మిశ్రమం, పూర్తి రెసిన్. మైనం చవక, కాగితం మీద బాగా పడుతుంది, గోటితో గీకితే రాలుతుంది. రెసిన్ ఖరీదు ఎక్కువ. పాలియెస్టర్ లేబుల్ మీద దాన్ని అచ్చువేస్తే స్పిరిట్‌కూ, నూనెకూ, బ్లీచింగ్ నీళ్లకూ ఏళ్ల తరబడి తట్టుకుంటుంది. పరికరాల మీద అంటించేటప్పుడు ఈ జోడీకే ప్రాధాన్యం ఇవ్వాలి. ఒక్కో లేబుల్ మీద పడే అదనపు ఖర్చు ఆ పరికరం వెలతో పోలిస్తే లెక్కలోకి రాదు. మళ్లీ అచ్చువేసి, మళ్లీ వెతికి, మళ్లీ అంటించే మనుషుల శ్రమతో పోలిస్తే ఇంకా తక్కువ.

అమ్మకందారు మాట మీద ఆధారపడకుండా ఎవరైనా చేసుకోగల చిన్న పరీక్ష ఉంది. నమూనా లేబుల్‌ను అసలు పరికరం మీదే అంటించి రెండు రోజులు ఆగాలి. జిగురు పూర్తిగా పట్టు బిగించడానికి ఆ మాత్రం సమయం కావాలి. తర్వాత ఆ చోట రోజూ దేనితో తుడుస్తారో దానితోనే గట్టిగా యాభై సార్లు రుద్దాలి. ఆస్పత్రిలో స్పిరిట్, వర్క్‌షాపులో డీజిల్ తడిపిన గుడ్డ, హోటల్ వంటింట్లో సబ్బు నీళ్లు. ఆపైన గోటితో అంచు లేపి చూడాలి. అక్షరాలు నిలిచి, అంచు లేవకపోతే ఆ లేబుల్ అక్కడికి పనికొస్తుంది.

జిగురు సంగతి చాలామంది పట్టించుకోరు. రైస్ మిల్లులో మోటారు మీద పేరుకునే తవుడు పొరను వేలితో రాస్తే జిడ్డు తెలుస్తుంది. తవుడులో నూనె ఉంటుంది. ఆ పొర మీద అంటించిన లేబుల్ మోటారును పట్టుకోదు, తవుడును పట్టుకుంటుంది, దానితోపాటే రాలుతుంది. ముందు స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, అప్పుడు అంటించి బొటనవేలితో మధ్య నుంచి అంచులకు గట్టిగా నొక్కాలి. పాలిథిన్, పాలిప్రొపిలీన్ డబ్బాలకు మామూలు జిగురు అసలే పట్టదు. వాటికి తగిన గట్టి జిగురున్న లేబుళ్లు విడిగా దొరుకుతాయి. కొలిమి దగ్గర, బాయిలర్ దగ్గర మామూలు స్టిక్కరు నిలవదు. అక్కడ అల్యూమినియం పలక మీద చెక్కించి రివెట్లు కొట్టడమే మార్గం. నిలబెట్టిన ఆక్సిజన్ సిలిండర్ లాంటి గుండ్రటి వస్తువు మీద బార్‌కోడ్ గీతలు నిచ్చెన మెట్లలా అడ్డంగా పడేలా అంటించాలి. నిలువుగా పడితే వంపు వెంట గీతల మధ్య దూరాలు మారినట్లు కనబడి స్కానర్ తడబడుతుంది.

ఏ-4 కాగితం మీద అచ్చువేసి, కత్తెరతో కత్తిరించి, పైన సెల్లో టేపు వేసే పద్ధతి మన ఆఫీసుల్లో బాగా వ్యాప్తిలో ఉంది. ఒక వేసవి గడిచేసరికి టేపు పసుపుపచ్చగా మారి, జిగురు ఎండి, చీటీతో సహా ఊడుతుంది. ఏమీ లేనప్పటికంటే నయమే, తాత్కాలికంగా మాత్రమే.

మూత మీద వద్దు

ఎక్కడ అంటించాలన్న దానికి ఒక పెద్ద నియమం, కొన్ని చిన్నవి. పెద్ద నియమం: ఊడదీసే భాగం మీద అంటించకూడదు. రక్తపోటు చూసే పరికరం పెట్టె మూత, యూపీఎస్ బ్యాటరీ మూత, ప్రింటరు కాగితపు ట్రే, లాప్‌టాప్ సంచి వంటివి ఒకదానివి ఇంకోదానికి సరిపోతాయి. మరమ్మతుకు వెళ్లిన రెండు యంత్రాల మూతలు తారుమారైతే రెండు యంత్రాల చరిత్రా తారుమారవుతుంది. ఒకే రకం పరికరాలన్నిటికీ ఒకే చోట, వంగకుండా, యంత్రాన్ని తిప్పకుండా కనబడేలా ఉండాలి. తయారీదారు పలకను కప్పకూడదు. వారంటీ అడిగేటప్పుడు ఆ సీరియల్ నంబరే ఆధారం. గాలి బయటికి పోయే రంధ్రాలు మూసుకుపోకూడదు. మెరిసే వెండి రంగు లేబుళ్లు ట్యూబ్‌లైటు కింద తళుక్కుమని ఫోను కెమెరాకు కోడ్ కనబడకుండా చేస్తాయి. కాంతి తిరిగి కొట్టని తెల్లటి లేబుల్ మీద నల్లటి అచ్చు మేలు.

ఎప్పుడు అంటించాలన్నదానికి ఒకే జవాబు: స్టోరు గది గడప దాటకముందే. పరికరం విభాగానికి వెళ్లిపోయాక దాన్ని వెతికి పట్టుకుని అంటించడం పది రెట్లు శ్రమ. ప్రభుత్వ కార్యాలయాల్లో బిల్లు మీద స్టాకు రిజిస్టరులో ఎక్కించినట్లు ధ్రువీకరణ రాయడం ఎప్పటి నుంచో ఉంది. లేబుల్ నంబరునూ అదే ధ్రువీకరణలో చేర్చి, అది లేని బిల్లుకు చెల్లింపు ఆపితే ఆ క్రమశిక్షణ దానంతట అదే వస్తుంది. నంబర్లు ముందే అచ్చయిన చుట్టలు స్టోరులో సిద్ధంగా ఉంచుకుంటే ఈ పని రెండు నిమిషాలది. స్టిక్కరు తీసి అంటించడం, ఆ నంబరు ఎదుట వస్తువు వివరాలు ఎక్కించడం.

ప్రతి వస్తువుకూ లేబుల్ అక్కర్లేదు. సమావేశ మందిరంలో నూరు కుర్చీలుంటే నూరు అని లెక్కపెడితే చాలు. వాటిలో 37వ కుర్చీ ఎక్కడుందన్న ప్రశ్న ఎవరికీ రాదు. చేతులు మారేవి, ఖరీదైనవి, మరమ్మతు చరిత్ర కావలసినవి, గడువు తేదీలోగా పరీక్షించవలసినవి, ఈ నాలుగు రకాలకు తప్పనిసరి. మొదటి ఏడాది వాటితోనే ఆగడం మంచిది. అన్నిటికీ ఒకేసారి అంటించబోయి, ఫ్యాన్లు ట్యూబ్‌లైట్ల దగ్గరే అలసిపోయి, ల్యాబు దాకా చేరని ప్రయత్నాలే ఎక్కువ.

చట్టం ఏమి అడుగుతోంది

కేంద్ర ప్రభుత్వ 2017 సాధారణ ఆర్థిక నియమావళి ప్రకారం స్థిర ఆస్తులుగా (ఫిక్స్‌డ్ అసెట్స్) లెక్కించే సామగ్రిని కనీసం ఏడాదికోసారి కళ్లతో చూసి సరిచూడాలి, ఫలితాన్ని రిజిస్టరులో నమోదు చేయాలి. కంపెనీల విషయంలో ఆడిటర్ నివేదికకు సంబంధించిన 2020 నాటి ఉత్తర్వు, యంత్రాలు తదితర ఆస్తుల సంఖ్యతోపాటు అవి ఎక్కడున్నాయో తెలిపే పూర్తి వివరాల రికార్డు ఉందో లేదో, తగిన వ్యవధిలో భౌతికంగా తనిఖీ చేశారో లేదో ఆడిటర్ చెప్పాలంటోంది. లేబుల్ అనే మాట ఈ నిబంధనల్లో వెతకనక్కర్లేదు. వెయ్యి లాప్‌టాప్‌లున్న చోట ఏది ఏదో తెలిపే గుర్తు లేకుండా ఆ మాట నిజాయతీగా చెప్పడం ఎవరి వల్లా కాదు.

తనిఖీ రెండు దిక్కుల నుంచీ జరగాలి. రిజిస్టరు పట్టుకుని గదుల్లోకి వెళ్లి ఉన్నవి టిక్కు పెట్టుకోవడం ఒక దిక్కు. దీనితో పుస్తకంలో ఉండి గదిలో లేనివి తేలుతాయి. గదిలో కనబడిన ప్రతి పరికరం నంబరూ రాసుకుని రిజిస్టరులో వెతకడం రెండో దిక్కు. గదిలో ఉండి పుస్తకంలో లేనివి దీనితోనే బయటపడతాయి. విరాళంగా వచ్చినవి, వేరే శాఖ నుంచి అరువు తెచ్చి తిరిగి ఇవ్వనివి ఈ రెండో జాబితాలో తేలుతుంటాయి. చాలాచోట్ల మొదటి దిక్కుతోనే ముగిస్తారు.

భయం పెట్టే లేబుల్

ఇక్కడ ఒక బాధాకరమైన సంగతి చెప్పుకోవాలి. లేబుల్ మీద ఒక ఉద్యోగి పేరు రాసి, వస్తువు పోతే జీతంలో కోస్తామని చెప్పిన చోట వస్తువులు భద్రంగానే ఉంటాయి, బీరువాలో. పిల్లల కోసం ఇచ్చిన ట్యాబ్‌లు, ప్రొజెక్టర్లు, ప్రయోగశాల సామగ్రి అట్టపెట్టె విప్పకుండానే ఏళ్లు గడిపేస్తాయి. దాచిన మనిషిది దురుద్దేశం కాదు. తక్కువ జీతం మీద బతికే మనిషి, పగిలితే కట్టాల్సి వస్తుందన్న భయంతో తాళం వేసుకున్నాడు. ఏడాది చివర తనిఖీలో అన్నీ సరిగా ఉన్నాయని వస్తుంది. కాగితం మీద అది విజయం. ఆ సామగ్రి కొన్న ఉద్దేశం మాత్రం పూర్తిగా ఓడిపోయింది. వాడకంలో అరుగుదల, విరగడం సహజమని నిబంధనల్లోనే రాసి, నిర్లక్ష్యానికీ మామూలు నష్టానికీ తేడా చూపితే తప్ప ఈ తాళాలు ఊడవు. లేబుల్ వస్తువుకు పేరు పెట్టాలి, మనిషి మెడకు చుట్టుకోకూడదు.

వాడే చేతికే అక్కరకొచ్చే లేబుల్ ఎలా ఉంటుందో ప్రతి వంటింట్లోనూ చూడవచ్చు. గ్యాస్ సిలిండర్ పైన చేతిపట్టు రింగును నిలబెట్టే పట్టీల లోపలివైపు ఒక ఇంగ్లిష్ అక్షరం, రెండంకెలు పెయింటుతో రాసి ఉంటాయి. ఏ అంటే మార్చితో ముగిసే మూడు నెలలు, బీ అంటే జూన్, సీ అంటే సెప్టెంబరు, డీ అంటే డిసెంబరు. సీ-27 అని ఉంటే 2027 సెప్టెంబరు నాటికి ఆ సిలిండర్‌ను మళ్లీ పరీక్షించాలని అర్థం. గడువు దాటిన సిలిండర్ ఇంటికి వస్తే గృహిణి వెనక్కి పంపవచ్చు. మూడే గుర్తులు, స్కానర్ అక్కర్లేదు, చదివిన మనిషి అక్కడికక్కడే నిర్ణయం తీసుకోగలదు. పశువుల చెవికి వేసే పసుపు పోగు కూడా అలాంటిదే. పశు ఆధార్‌గా పిలిచే ఆ పోగు మీద 12 అంకెలుంటాయి. గాలికుంటు టీకా ఎప్పుడు వేశారో ఆ నంబరు మీదే నమోదవుతుంది. బీమా సొమ్ము అడగాలన్నా అదే ఆధారం. అందుకే గేదె చెవి పోగు ఊడిపోతే రైతు దాన్ని వెతికి దాచిపెట్టుకుంటాడు.

ఆస్పత్రి పరికరాలకు ఈ ఆలోచనను పెద్ద ఎత్తున తెచ్చింది 2015లో జాతీయ ఆరోగ్య మిషన్ కింద మొదలైన బయోమెడికల్ పరికరాల నిర్వహణ కార్యక్రమం. ఆంధ్రప్రదేశ్ దాన్ని తొలినాళ్లలోనే చేపట్టింది. మొదట వివిధ రాష్ట్రాల్లో లెక్క తీశారు. 29 వేల పైచిలుకు ఆరోగ్య కేంద్రాల్లో సుమారు 7.56 లక్షల పరికరాలు తేలాయి. వాటి విలువ దాదాపు 4,564 కోట్ల రూపాయలు. రాష్ట్రాన్ని బట్టి వాటిలో 13 నుంచి 34 శాతం దాకా పనిచేయని స్థితిలో ఉన్నాయి. అంటే కొన్నిచోట్ల మూడింట ఒక పరికరం రోగి పక్కన ఊరికే నిలబడి ఉంది. ఆ లెక్క తీసేదాకా ఆ నిజం ఎంత పెద్దదో ఎవరికీ తెలియదు. తర్వాత పరికరాలకు గుర్తింపు సంఖ్యలిచ్చి, చెడిపోతే చెప్పడానికి టోల్‌ఫ్రీ నంబరు పెట్టారు. జిల్లా ఆస్పత్రిలో 95 శాతం, సామాజిక ఆరోగ్య కేంద్రంలో 90 శాతం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 80 శాతం సమయం పరికరాలు పనిచేసే స్థితిలో ఉండాలన్నది లక్ష్యం. ఈ ఏర్పాటులో లేబుల్ పాత్ర గమనించదగ్గది. నర్సు ఫోను చేసి అంకెలు చదివితే అవతలివారికి అది ఏ యంత్రమో, ఏ ఆస్పత్రిలోదో వెంటనే తెలుస్తుంది. ఫిర్యాదు ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు బాగైంది అన్న లెక్క మొదలవుతుంది. లేబుల్ ఊడిపోతే ఆ ఫోను చేయడం కష్టం కాబట్టి, కొత్తది కావాలని అడిగేది ఆ నర్సే. అన్ని ఆస్పత్రుల్లోనూ ఇది ఒకేలా సాగుతుందని అనుకోనక్కర్లేదు. నిర్వహణ ఒప్పందం ముగిసిన చోట స్టిక్కరు మీది ఫోను నంబరు మూగబోతుంది. అలాంటి నంబరు రెండుసార్లు మోగీ జవాబివ్వకపోతే మూడోసారి ఎవరూ ప్రయత్నించరు. లేబుల్ మీద ఫోను నంబరు వేసేవారు దాన్ని ఎత్తే మనిషికి కూడా ఏర్పాటు చేయాలి.

కాబట్టి పరికరం మీద రెండు స్టిక్కర్లు చాలు. మొదటిది ఎన్నటికీ మారనిది: నంబరు, కోడ్, ఫోను. రెండోది మారేది: చివరిసారి పరీక్షించిన తేదీ, తర్వాతి గడువు, చేసిన వారి సంతకం. తూకం యంత్రం, థర్మామీటరు, మంటలార్పే సిలిండర్, ఈసీజీ యంత్రం లాంటివాటికి రెండోది ప్రాణాధారం. దాన్ని నీటికి చెరగని పెన్నుతో రాసినా ఫరవాలేదు.

రేడియో తరంగాలతో చదివే ట్యాగ్‌ల గురించి కూడా ఒక మాట. కంటికి కనబడకపోయినా కొన్ని మీటర్ల దూరం నుంచి ఒకేసారి వందలాది ట్యాగ్‌లు చదవవచ్చు. రైల్వే వ్యాగన్లకు, పెద్ద గిడ్డంగులకు అవి లాభమే. లోహం, నీరు దగ్గరుంటే తడబడతాయి. రీడర్లకు ఖర్చవుతుంది. వాటి మీద కూడా చివరికి అంకెలు అచ్చువేయక తప్పదు. రెండు మూడు వేల పరికరాలున్న ఆఫీసుకు అచ్చు లేబుల్, మామూలు ఫోను చాలు.

అందరూ మరిచిపోయే చివరి మెట్టు కండెమ్నేషన్. పనికిరాదని తేల్చిన యంత్రాన్ని వరండాలో పడేస్తారు, వేలం ఎప్పుడో జరుగుతుంది, రిజిస్టరులో అది బతికే ఉంటుంది. ఈలోగా దాని మీది స్టిక్కరు గోకి వేరే యంత్రానికి అంటిస్తే పాత నంబరు కింద కొత్త యంత్రమో, కొత్త నంబరు కింద పాత ఇనుమో నడుస్తుంది. దీన్ని ఆపడానికి కొన్నిచోట్ల తేలికైన ఆచారం పాటిస్తారు. తీర్మానం జరిగిన రోజే స్టోరు గుమస్తా బ్లేడుతో లేబుల్‌ను ఒలిచి, రిజిస్టరులో ఆ నంబరు ఎదుట అతికించి, అడ్డంగా రెండు గీతలు గీసి, తేదీ వేసి, ఇద్దరి చేత సంతకాలు చేయిస్తాడు. ఒలిచేటప్పుడు లేబుల్ ముక్కలైతే ఆ ముక్కలే అతికిస్తాడు.